రెండు జట్లలో ఒకే పిల్ల

పదకొండేళ్ళ పిల్ల ఆటకి అడ్డం పడింది నేనే. కాగితం మీద ఉన్నది నా సంతకం, ఇంకెవరిదో అని బొంకే వీల్లేదు. అయితే సంతకం నాదే కాబట్టి నోరు మూసుకుని మూల కూర్చోమంటే మాత్రం నేను కూర్చోలేదు. ఆ సంగతే రాస్తున్నాను.

మేముండేది జార్జియాలో, కమ్మింగ్‌లో. కూతురు, అల్లుడు ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. వాళ్ళకి ఒక్కతే కూతురు. ఆ పిల్ల సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. స్కూల్లో ఆడించే ఆట కాదు, శనాదివారాల్లో ఊరూరూ తిరిగి టోర్నమెంట్లు ఆడే జట్టు. ట్రావెల్ టీమ్ అంటారు. మా పిల్ల క్యాచర్. బ్యాటు పట్టుకున్న పిల్ల వెనకాల, ముఖానికి ఇనప జాలీ కట్టుకుని, మోకాళ్ళకి డొప్పలు తగిలించుకుని, గొంతుక్కూర్చుని బంతి పట్టే పని. ఈ దేశంలో పిల్లలకి గొంతుక్కూర్చోవడం రాదు. రెండు నిమిషాలకి తూలిపడతారు. మా పిల్ల ఆటంతా కూర్చుంటుంది. ఎక్కడ నేర్పించారని వాళ్ళ కోచ్ ఒకసారి మా అమ్మాయిని అడిగాడట. వంటింట్లో నా పక్కన అలా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసి నేర్చుకుంది. మా అమ్మాయికి ఆ మాట చెప్పడం నామోషీ అయి, యోగా అని చెప్పింది.

ఆట కంటే ముందు ఆట కాగితాల గురించి చెప్పాలి. జట్టులో పిల్లల పేర్ల జాబితాని రోస్టర్ అంటారు. నేను పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు చేసే రోజుల్లో హాజరు పట్టీ ఉండేది, అలాంటిదే. కానీ దీనికున్నన్ని నియమాలు మా కంపెనీకి కూడా లేవు. ఫలానా తేదీ నాటికి పిల్ల వయసు ఇంత దాటకూడదు. ఒక్క రోజు ఎక్కువైనా పెద్దపిల్లల జట్టుకి పొమ్మంటారు. దానికి పుట్టినతేదీ కాగితం చూపించాలి. కోచ్ ఆ కాగితాలన్నీ లావుపాటి బైండర్‌లో పెట్టుకుని ప్రతి మైదానానికీ మోసుకొస్తాడు. అన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటి ఉంది. ఒక పిల్ల పేరు ఒక్క రోస్టర్‌లోనే ఉండాలి. సీజన్ మధ్యలో ఒక తేదీ వస్తుంది, దానితో రోస్టర్ బిగుసుకుపోతుంది. ఆ తరవాత పేరు తియ్యరు, కలపరు. రెండు జట్లలో పేరున్న పిల్లని ఆడించారని తేలితే, గెలిచిన ఆటలు కూడా ఓడినట్టు రాసేస్తారు. బలమైన జట్లు వారానికొక చోటి నుంచి మంచి పిల్లల్ని అరువు తెచ్చుకుని కప్పులు ఎత్తుకుపోతుంటే పెట్టిన నియమమట. మంచి నియమమే. దాన్ని నేను కాదనను.

ఇక నా సంగతి. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది నలభై ఆరో ఏట. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా వాడలో ఒక టీచరమ్మ రేకుల షెడ్డులో ఆడవాళ్ళకి పాఠం చెప్పేది. అప్పటిదాకా వేలిముద్రే. రేషన్ షాపులో, బ్యాంకులో, కంపెనీ హాజరు పట్టీలో, నా ముఖం చూడగానే స్టాంపు ప్యాడు మూత తీసేవాళ్ళు. నన్ను అడిగేవాళ్ళు కాదు. సంతకం పెట్టడం వచ్చాక కూడా బ్యాంకు గుమాస్తా అలవాటుగా నా బొటనవేలు పట్టుకున్నాడు. వేలు వెనక్కి లాక్కుని పెన్ను ఇమ్మన్నాను. నా వెనక వరసలో ఉన్నవాళ్ళంతా విసుక్కున్నారు. విసుక్కోనీ అనుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు ఇక్కడికి వచ్చి ఉండిపోయాక, అరవై ఐదు దాటి, లైబ్రరీలో నేర్చుకున్నాను. నా బల్ల మీద కొరియా ముసలాయన ఒకడు ఉండేవాడు. మేమిద్దరం ఒకరి తప్పులు ఒకరం కాపీ కొట్టుకునేవాళ్ళం.

పోయిన వసంతంలో ఒక శనివారం మా అమ్మాయికి ఆఫీసులో ఆన్‌కాల్ డ్యూటీ పడింది. అల్లుడు ఊళ్ళో లేడు. జట్టులో ఇంకో పిల్ల తల్లి కారులో నేనూ మనవరాలూ ప్రాక్టీస్‌కి వెళ్ళాం. పిల్ల మైదానంలో బంతులు పడుతోంది. నేను నా మడతకుర్చీలో కూర్చుని ఉన్నాను. పక్క మైదానంలో ఇంకో జట్టు ఉంది, ఎర్రచొక్కాల జట్టు, పేరున్నది. దాని కోచ్ వచ్చి నా పక్కన ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చున్నాడు. మా పిల్ల వైపు చూపించి, "గుడ్ క్యాచర్. యువర్ గ్రాండ్ డాటర్?" అన్నాడు. యస్ అన్నాను. వచ్చే వారం వాళ్ళ క్యాచర్ ఉండదనీ, ఒక్క వారానికి మా పిల్లని పంపుతారా అనీ అడిగాడు. అంతవరకు నాకు అర్థమైంది. అట్ట మీద కాగితం పెట్టి, పెన్ను తిప్పి నా వైపు పెట్టాడు.

ఆ మనిషి నాకు సంతకం వచ్చా అని అడగలేదు. వస్తుందనే అనుకున్నాడు. పైన టీమ్ అన్న మాట చదివాను, ప్లేయర్ అన్న మాట చదివాను. కింద చీమల బారులా ఉన్న సన్న అక్షరాలు చదవలేదు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, గీత దాటకుండా సంతకం పెట్టాను. ఆయన "థాంక్యూ మేడమ్" అని వెళ్ళిపోయాడు. ఆ రోజంతా నేను కాస్త గర్వంగానే తిరిగాను, దాచడమెందుకు?

ఇంటికొచ్చి చెప్పాను కూడా. "ఇవాళ పిల్ల కాగితం మీద నేను సైన్ చేశానే" అన్నాను. మా అమ్మాయి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్క్రీన్ చూస్తోంది. "మంచిదమ్మా" అంది. దేని మీద అని అడగలేదు. తరవాతి వారం వాన పడి ఆ ఎర్రచొక్కాల టోర్నమెంటే జరగలేదు. పిల్ల ఎక్కడికీ వెళ్ళలేదు. నేను మర్చిపోయాను.

నెల దాటింది. స్టేట్ టోర్నమెంట్ వచ్చింది. ఏడాదంతా ఆడేది దానికోసమే. ఇంకా మూడు రోజులుందనగా కోచ్ ఫోన్ చేశాడు. పిల్లల పేర్లు కంప్యూటర్‌లో ఎక్కిస్తుంటే మా పిల్ల పేరు ఎర్రచొక్కాల రోస్టర్‌లో కూడా కనిపించిందట. రోస్టర్లు బిగుసుకుపోయి రెండు వారాలయింది. ఆ కోచ్‌ని అడిగితే, "ఇంట్లోవాళ్ళు సైన్ చేసిన పేపర్ నా దగ్గరుంది, అమ్మాయి మా జట్టుకి వస్తానంటే సంతోషం" అన్నాడట. అంటే మా పిల్ల మా జట్టులో ఆడితే మా జట్టు ఓడినట్టే. ఆడకపోతే మా జట్టుకి వేరే క్యాచర్ లేదు, తొమ్మిది మంది ఉండాల్సిన చోట మిగిలేది ఎనిమిది మంది. బ్యాటింగ్‌లో తొమ్మిదో పేరు వంతు వచ్చినప్పుడల్లా ఔట్ కింద రాస్తారు.

మా అమ్మాయి ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"అమ్మా, నువ్వేమన్నా సైన్ చేశావా?"

"చేశాను. నీకు చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు?"

"నువ్వు మంచిదమ్మా అన్నప్పుడు."

అల్లుడు తెలంగాణ పిల్లవాడు, మెత్తటి మనిషి. "అత్తమ్మా, ఇక్కడ ఏది పడితే అది సైన్ చెయ్యొద్దు. చదవకుండ అసలే చెయ్యొద్దు" అన్నాడు.

"నువ్వు ఫోన్‌లో రోజుకి పదిసార్లు ఐ అగ్రీ అని నొక్కుతావు. ఒక్కటైనా చదివావా?"

"అది వేరే, అత్తమ్మా."

"ఏం వేరే? నువ్వు వేలితో నొక్కుతావు, నేను పెన్నుతో రాశాను. అంతేగా?"

మనవరాలు మెట్ల మీద కూర్చుని వింటోంది. అరవలేదు, ఏడవలేదు. చేతిలో గ్లోవ్‌ని తెరుస్తూ మూస్తూ, "అమ్మమ్మా, నేను రెడ్ టీమ్‌కి వెళ్ళను. నాకు వాళ్ళు వద్దు. మై టీమ్ నీడ్స్ మీ" అంది. పిల్ల అరిచినా బాగుండేది.

మా అమ్మాయి, అల్లుడు వంటింట్లో నిలబడి మాట్లాడుకున్నారు. రూల్ ఈజ్ రూల్, ఈ ఏడాదికి వదిలేద్దాం అని తేల్చారు. నేను ఒప్పుకోలేదు. టోర్నమెంట్ పెద్దవాళ్ళతో మాట్లాడదాం అన్నాను.

"గొడవ ఎందుకు అత్తమ్మా, మనం ఇక్కడ..." అన్నాడు అల్లుడు. అతనికి సిటిజన్‌షిప్ వచ్చి నాలుగేళ్ళయింది. వీసా నాటి భయం మాత్రం ఇంకా పోలేదు. పోలీసు కారు పక్కన కనిపిస్తే ఇప్పటికీ రేడియో సౌండ్ తగ్గిస్తాడు.

"మనం ఇక్కడ ఏంటయ్యా? బంతాటకి కూడా వీసా స్టాంపు వేయించుకోవాలా?" అన్నాను. "ఆ నియమాల పుస్తకం ప్రింట్ తీసి నాకియ్యి."

"అది మస్తుగ పెద్దది, అత్తమ్మా. లీగల్ ఇంగ్లీష్."

"తియ్యి."

తీశాడు. పాపం, రెండువైపులా వచ్చేలా తీసి, పిన్ను కొట్టి, అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చాడు.

రెండు రోజులు ఆ కాగితాలతోనే ఉన్నాను. పొద్దున్నే అందరూ పనులకి పోయాక వంటింటి బల్ల మీద పరిచి, పిల్ల స్కేలు వరస కింద పెట్టుకుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివాను. బంతి ఎంత బరువుండాలో, బూటు అడుగున మేకులు ఏ రకం ఉండాలో, కోచ్ అంపైర్‌ని తిడితే ఏం చెయ్యాలో అన్నీ ఉన్నాయి. నా తలకి ఎక్కినవి సగమే. వదలాల్సినవి వదిలి, రోస్టర్ అన్న మాట కనిపించిన ప్రతి చోటా పెన్సిల్‌తో గీత పెట్టాను. రెండో రోజు సాయంత్రం ఒక వరస దగ్గర ఆగాను. రోస్టర్ కాగితం మీద సంతకం గురించిన వరస అది. పేరెంట్ అన్న మాట తెలుసు. దాని పక్కవి తెలియలేదు. స్కూలు నుంచి వచ్చిన మనవరాలిని పిలిచాను.

"ఇదేంటే?"

"లీగల్ గార్డియన్. పేరెంట్ ఆర్ లీగల్ గార్డియన్ సైన్ చెయ్యాలి అంటుంది."

"గార్డియన్ అంటే?"

"అంటే... నన్ను టేక్ కేర్ చేసేవాళ్ళు."

"నేనే కదా?"

పిల్ల నా ముఖం చూసింది. "యా, బట్ లీగల్, అమ్మమ్మా. పేపర్ ఉండాలి. కోర్ట్ పేపర్. నీకు లేదు."

తెలివైన పిల్ల. ఆ మాట అనగానే దానికీ వెలిగింది. కుర్చీలోంచి లేచి నిలబడింది. "అమ్మమ్మా! నువ్వు సైన్ చేస్తే డజంట్ కౌంట్! నువ్వు ఎవ్వరూ కాదు!" అని గంతులేసింది.

దానికి సంతోషం. నాకూ సంతోషమే, కానీ సగం. పొద్దున్నే దాని తలకి నూనె రాసి జడలు గట్టిగా అల్లేది నేను, లేకపోతే హెల్మెట్ కింద జుట్టు చిక్కుపడుతుంది. ఎర్రమట్టి మరకలు పోయేదాకా ఆ తెల్ల ప్యాంటుని సింకులో బ్రష్షుతో తోమేది నేను. ఆ పుస్తకంలో నాకు చోటు లేదు. పిల్లని ఆడించాలంటే నేను దానికి ఏమీ కానని నలుగురి ముందూ నేనే చెప్పాలి.  ఆ వరస చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పేజీ మూల మడిచాను.

మా అమ్మాయికి చూపిస్తే రెండుసార్లు చదివింది. కాగితం మీద సంతకం ఉందా లేదా అని చూశారు గానీ, పెట్టినవాళ్ళకి ఆ అధికారం ఉందా అని ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. కోచ్ చూడలేదు, మా అమ్మాయీ చూడలేదు. "అమ్మా, దీన్ని నేను ఈమెయిల్ పెడతాను, నువ్వు రానక్కర్లేదు" అంది. "సంతకం పెట్టింది నువ్వా? నేను వస్తాను" అన్నాను.

శనివారం పొద్దున్నే మైదానానికి వెళ్ళాం. నాలుగు మైదానాలు, మధ్యలో గుడారం, గుడారం కింద బల్ల, బల్ల దగ్గర టోర్నమెంట్ డైరెక్టరమ్మ. నా వయసుకి పదేళ్ళు తక్కువ ఉంటుంది. ముఖం ఎండకి కందిపోయి ఉంది. మా ఆట మొదలవడానికి నలభై నిమిషాలుంది. మా కోచ్ బైండర్‌తో నిలబడ్డాడు. ఎర్రచొక్కాల కోచ్ తన కాగితంతో వచ్చాడు. మనవరాలు మోకాలిడొప్పలు తగిలించుకునే ఉంది, ముఖం జాలీ మాత్రం చేత్తో పట్టుకుంది.

నేను తెలుగులో మాట్లాడాను, మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. రెండో మాటకే ఆపాను.

"సారీ ఎందుకు చెబుతున్నావు? నేను సారీ అనలేదు."

"ఊరికే, పొలైట్‌గా ఉంటుందని..."

"నేనన్నదే చెప్పు. నీది కలపకు."

డైరెక్టరమ్మ నవ్వు ఆపుకుంది. నేను ఏం అన్నానో ఆవిడకి అర్థమైనట్టే ఉంది.

మడిచిన పేజీ తీసి ఆ వరస మీద వేలు పెట్టాను. ఆవిడ చదివి, ఎర్రచొక్కాల కోచ్ కాగితం తీసుకుని సంతకం చూసింది. నన్ను నేరుగా అడిగింది, ఈ అమ్మాయి మీ ఇంట్లోనే ఉంటుందా అని. యస్ అన్నాను. మీరే చూసుకుంటారా అంది. యస్ అన్నాను. మీరు లీగల్ గార్డియనా అంది.

ఆ ప్రశ్నకి మా అమ్మాయి నోరు తెరవబోయింది. చెయ్యి అడ్డం పెట్టాను. "నో" అని నేనే అన్నాను.

ఎర్రచొక్కాల కోచ్ అందుకున్నాడు. ఈవిడ ఇష్టపడే పెట్టింది, ఎవరూ బలవంతం చెయ్యలేదు, నానమ్మో అమ్మమ్మో అని నాకు తెలుసు, మంచి కుటుంబం అనుకున్నాను అని. అందులో అబద్ధం లేదు. కానీ కాగితం చాచేటప్పుడు పిల్ల తల్లి ఎక్కడుందని ఆయన అడగలేదు. అడిగి ఉంటే నేను ఫోన్ చేసి ఇచ్చేదాన్ని.

అప్పుడు నేను అన్న మాటలు మా అమ్మాయి ఒక్కటీ పోనివ్వకుండా చెప్పింది. 

"ఈ పిల్లకి అన్నం పెట్టేది నేను. జ్వరమొస్తే పక్కన కూర్చునేది నేను. మీ పుస్తకం నన్ను లెక్కలోకి తీసుకోలేదు. సరే, అది మీ ఇష్టం. నన్ను తీసుకోనప్పుడు నా సంతకం కూడా తీసుకోకూడదు. మీకు కావాల్సినప్పుడు ఇంటి పెద్దని, వద్దనుకున్నప్పుడు దారినపోయేదాన్ని, అలా కుదరదు. ఏదో ఒకటి చెప్పండి."

డైరెక్టరమ్మ కాగితం బల్ల మీద పెట్టింది. "ఇది చెల్లదు" అంది. అయితే తన ఫైలుకి ఆధారం కావాలంది. నేను లీగల్ గార్డియన్‌ని కాననీ, సంతకానికి నాకు అధికారం లేదనీ రాసి ఇవ్వాలట. మా అమ్మాయి గబగబా పెన్ను తీసింది. పెన్ను దాని చేతిలోంచి తీసుకున్నాను.

"అమ్మా, టైమ్ లేదు."

"ఎంతుంది?"

"ఇరవై నిమిషాలు."

"చాలు."

పెద్దక్షరాలతో రాశాను. మా కోచ్ వాచీ చూసుకున్నాడు, కాలు మార్చి నిలబడ్డాడు. వెనకాల ఇంకో జట్టువాళ్ళు తమ పని కోసం వరసలో ఉన్నారు. నేను తొందరపడలేదు. మనవరాలు నా భుజం మీంచి వంగి చూస్తూ, "కరెక్ట్, అమ్మమ్మా, కరెక్ట్" అంటోంది. ఐ యామ్ నాట్ అని రాసేచోట మాత్రం పెన్ను ఒక క్షణం ఆగింది. రాశాను. కింద సంతకం పెట్టబోయి ఆగి, మా అమ్మాయిని పిలిచాను.

"ఒక్కటి అడుగు. నా సంతకం చెల్లదని రాయించుకుని దాని కింద నా సంతకమే పెట్టమంటున్నారు. ఇది చెల్లుతుందా?"

"అమ్మా, ప్లీజ్."

"అడుగు."

అడిగింది. డైరెక్టరమ్మ ఈసారి గట్టిగానే నవ్వింది. ఇది చెల్లుతుంది, ఎందుకంటే ఇది మీ గురించి మీరు రాసుకున్నది అంది. పెట్టాను. ఆవిడ ల్యాప్‌టాప్‌లో ఏదో నొక్కి ఎర్రచొక్కాల జాబితాలోంచి పేరు తీసేసింది. పిల్ల జాలీ ముఖానికి లాక్కుని మైదానంలోకి పరిగెత్తింది, వెనక్కి తిరిగి చూడలేదు. చూడక్కర్లేదు కూడా. దానికి బంతి విసిరే పిచ్చర్ పిల్ల అప్పటికే బంతి పట్టుకుని ఎదురుచూస్తోంది.

ఆ ఆట గెలిచారు. మర్నాడు రెండో ఆటలో చిత్తుగా ఓడిపోయారు. అది సరే. తొమ్మిది మందీ కలిసి ఓడిపోయారు.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో మా అమ్మాయి, "ఇక మీదట దేనిమీదా సైన్ చెయ్యకు అమ్మా, ప్లీజ్, నన్ను అడుగు" అంది. చెయ్యనని నేను మాట ఇవ్వలేదు. తల్లిదండ్రులు అధికారం రాసిస్తే అమ్మమ్మ సంతకం కూడా తీసుకుంటామని డైరెక్టరమ్మ మేము బయల్దేరేటప్పుడు చెప్పింది. ఆ మాట మా అమ్మాయి వినలేదు, నేను విన్నాను. సోమవారం ఆ అధికారం కాగితం రాయించడానికి కూతుర్నీ అల్లుణ్ణీ బ్యాంకులో నోటరీ దగ్గరికి తీసుకెళ్ళాను. అల్లుడు కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి మరీ సంతకం పెట్టాడు. చదువుతున్నంతసేపూ నేను అతన్నే చూస్తూ కూర్చున్నాను. ఒక ప్రతి కోచ్ బైండర్‌లో పెట్టించాను.

ఆకురాలు కాలం సీజన్‌కి కొత్త రోస్టర్ కాగితం వచ్చింది. మా అమ్మాయి మీటింగ్‌లో ఉంది. మైదానం దగ్గర కోచ్ కాగితాలు నా చేతికిచ్చి, కింద ఇక్కడ సైన్ చేస్తే చాలన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మొదటి పేజీ మొదలుపెట్టాను. పిల్ల ఫొటోలు ఎక్కడైనా వాడుకోవచ్చని ఒక వరస ఉంది. ఎక్కడ అని అడిగాను. ఆయనకీ సరిగ్గా తెలియదు. కొట్టెయ్యమన్నాను. కొట్టేసి పక్కన తన పొడి అక్షరాలు వేశాడు. టోపీ తీసి విసురుకుంటూ నిలబడ్డాడు. ఎండగానే ఉంది, నిజమే. ఇంకా రెండు పేజీలున్నాయి. పక్కనున్న మడతకుర్చీ ఆయన వైపు జరిపి కూర్చోమన్నాను.